సముద్రం పక్కనే ఉన్నాం కదా, మనకు అయోడిన్ లోపం ఎందుకొస్తుంది?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. నాకు 27 ఏళ్లు. థైరాయిడ్ తక్కువగా ఉందని రెండేళ్లుగా రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. ఇప్పుడు ఏడో వారం గర్భం. మొన్న పరీక్షలో టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది. డాక్టర్ గారి అపాయింట్‌మెంట్‌కి ఇంకా మూడు వారాలుంది. కడుపుతో ఉన్నప్పుడు మందులేమిటి, ఆపేయమని అత్తగారు అంటున్నారు. మామగారికి బీపీ అని ఏడాదిగా ఇంట్లో సైంధవ లవణమే వాడుతున్నాం. సముద్రం పక్కనే ఉన్నాం, వారానికి రెండుసార్లు చేపలు తింటున్నాం, అయోడిన్‌కి లోటేమిటి అని మావారు అంటారు. బిడ్డ మందబుద్ధితో పుడుతుందేమోనని నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. మాత్ర ఆపకండి. అపాయింట్‌మెంట్ కోసం మూడు వారాలు ఆగకండి. రేపు ఉదయమే క్లినిక్‌కి ఫోన్ చేసి "ఏడో వారం గర్భం, థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను, టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది" అని ఈ మూడు ముక్కలూ చెప్పండి. ఇవి విన్నాక ఏ డాక్టరూ మిమ్మల్ని అంతకాలం ఆగమనరు. ఒకవేళ వాళ్లు దొరకకపోతే కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) థైరాయిడ్ లాంటి గ్రంథుల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, అక్కడికి వెళ్లండి. లేదా దగ్గర్లో ఉన్న ఏ ఫిజీషియన్‌కైనా చూపించి మోతాదు సరిచేయించుకోండి. మిగతాదంతా ఎందుకు, ఏమిటి అన్నది. తీరిగ్గా చదవండి. వీలైతే మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

నేను పిల్లల డాక్టర్ని. ఉద్యోగం మొదట్లో కొన్నేళ్లు పాడేరు వైపు ఏజెన్సీలో, ఆ తర్వాత ఇక్కడ విశాఖలో, మొత్తం ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. థైరాయిడ్ గురించి నేను ఇంత పట్టుబట్టి మాట్లాడటానికి కారణం ఆ రెండు చోట్లా చూసిన పిల్లలే.

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. రక్తంలో వచ్చే అయోడిన్‌ను పట్టుకుని హార్మోన్ తయారు చేయడం దాని పని. టీ4 అనే పేరులోని నాలుగు, టీ3 లోని మూడు, ఆ హార్మోన్‌లో ఎన్ని అయోడిన్ పరమాణువులు ఉన్నాయో చెప్పే అంకెలే. అంటే అయోడిన్ లేకపోతే ఈ హార్మోనే లేదు. ఇక టీఎస్‌హెచ్ అంటే, "ఇంకా తయారు చెయ్యి" అని మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి పంపే కబురు. హార్మోన్ తగ్గేకొద్దీ ఆ కబురు గట్టిపడుతుంది. అందుకే టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ తక్కువైందని అర్థం. చాలామంది దీన్ని తిరగేసి అనుకుని, "థైరాయిడ్ ఎక్కువైంది, మందు తగ్గించాలి" అని సొంతంగా మాత్ర మానేస్తారు. మీ ఇంట్లో అలా ఎవరూ పొరపడకుండా చూసుకోండి.

ఇప్పుడు బిడ్డ సంగతి. కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పని మొదలుపెట్టేది సుమారు పన్నెండో వారంలో. తన అవసరానికి తగినంత తయారు చేసుకోవడానికి పద్దెనిమిది, ఇరవై వారాలు పడుతుంది. మెదడు పెరుగుదల అంతవరకు ఆగదు. మెదడు కణాలు పుట్టి, ఒక్కొక్కటీ తన చోటికి జరిగి స్థిరపడే పని ఈ వారాల్లోనే మొదలవుతుంది. దానికి థైరాయిడ్ హార్మోన్ కావాలి. అది వచ్చేది తల్లి రక్తం నుంచే. మీ అత్తగారు మందు అంటున్నది బయటి రసాయనం కాదమ్మా. మీ గ్రంథి చేయాల్సిన టీ4 హార్మోనే మాత్ర రూపంలో వస్తోంది. అది ఆపేస్తే మందు ఆపినట్టు కాదు, బిడ్డకు అందాల్సింది ఆపినట్టు. మనవడికో మనవరాలికో ఏం హాని జరుగుతుందోనన్న ప్రేమతోనే ఆవిడ ఆపమంటున్నారు. ఈ ఒక్క విషయం తెలిస్తే రేపటి నుంచి ఆవిడే పొద్దున్నే మిమ్మల్ని లేపి మాత్ర చేతిలో పెడతారు. చాలా ఇళ్లలో అలా జరగడం చూశాను.

టీఎస్‌హెచ్ 6.8 ఎందుకొచ్చిందంటే, గర్భం వచ్చాక శరీరానికి కావలసిన థైరాయిడ్ హార్మోన్ దాదాపు సగం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఎక్కువ తయారు చేసి సర్దుకుంటుంది. మీ గ్రంథికి ఆ శక్తి లేదు, మాత్ర మోతాదేమో పాతదే. మీరు చేసిన తప్పేమీ లేదు. మాత్ర వాడే ఆడవాళ్లకు గర్భం తెలిసిన వెంటనే మోతాదు 25 నుంచి 30 శాతం పెంచడం మామూలు పద్ధతి. మీకు ఎంత పెంచాలన్నది ఈ 6.8 చూసి, ఫ్రీ టీ4 కూడా చేయించి డాక్టర్ నిర్ణయిస్తారు. టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచాలని చూస్తారు. సగం నెలలు గడిచేవరకు నాలుగు వారాలకోసారి, ఆ తర్వాత ముప్పయ్యో వారం దగ్గర ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. ఏడో వారంలోనే బయటపడింది కాబట్టి సరిచేసుకోవడానికి మంచి సమయంలోనే ఉన్నారు. మాత్ర సరిగ్గా వాడిన థైరాయిడ్ తల్లులకు పుట్టి చక్కగా చదువుకుంటున్న పిల్లల్ని నేను లెక్కలేనంత మందిని చూశాను.

మీకు నిద్ర లేకుండా చేస్తున్న "మందబుద్ధి" భయం వేరే చోటి నుంచి వచ్చింది. అదేమిటో చెబుతాను.

ఏజెన్సీలో పనిచేసిన రోజుల్లో కొండ మీద ఒక చిన్న ఊరికి టీకాల కోసం వెళ్లాను. నీళ్ల కుండలతో ఎదురొచ్చిన ఆడవాళ్లలో చాలామందికి గొంతు దగ్గర నిమ్మకాయంత, కొందరికి బత్తాయంత వాపు. వాళ్లకది జబ్బు కాదు, వయసు వస్తే అందరికీ వచ్చేదే అన్నట్టు మాట్లాడారు. ఒక ఇంటి అరుగు మీద కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఆరేళ్లవాడనుకున్నాను. పదమూడేళ్లన్నారు. వినపడదు, మాట రాదు, కాళ్లు బిగుసుకుపోయి నడక సరిగా లేదు. వాళ్లమ్మ గొంతు దగ్గర పెద్ద వాపు. పుస్తకంలో క్రెటినిజం అని చదువుకున్నది నా ఎదురుగా కూర్చుని నవ్వుతోంది. ఆ రోజు కొండ దిగుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆ తల్లికి గర్భం రాకముందు నుంచీ అయోడిన్ అంది ఉంటే ఈ పిల్లవాడు పరిగెత్తుకుంటూ బడికి వెళ్లేవాడు కదా అని. పుట్టాక ఇచ్చే ఏ వైద్యమూ దాన్ని వెనక్కి తేలేదు.

కొండల్లో ఇలా ఎందుకంటే, వేల ఏళ్లుగా వానలు పైమట్టిలోని అయోడిన్‌ను కడిగి కిందికి తీసుకుపోయాయి. ఆ మట్టిలో పండిన రాగులు, సామలు, కూరగాయల్లో అయోడిన్ తక్కువ. అవి తినే మనిషికీ తక్కువే. దానికి తోడు కర్రపెండలం, వెదురు కొమ్ముల్లాంటివి ఎక్కువగా తింటే వాటిలోని పదార్థాలు ఆ కాస్త అయోడిన్‌ను కూడా థైరాయిడ్‌కి సరిగా అందనివ్వవు. (మీరు వండుకు తినే క్యాబేజీ, కాలీఫ్లవర్ గురించి టెన్షన్ వద్దు. అయోడిన్ సరిపడా ఉన్నవాళ్లకు వాటితో ఇబ్బంది ఉండదు.)

ఈ కథను దేశమంతటా మార్చిన వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు మన ప్రాంతానిదే. శ్రీకాకుళంలో పుట్టి, ఇక్కడి ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు, 1956లో హిమాలయాల దగ్గరి కాంగ్రా లోయలో సహచరులతో కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టారు. లోయలో కొన్ని ఊళ్లకు అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు అందేలా ఏర్పాటు చేశారు. ఐదారేళ్లలో అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో గాయిటర్, అంటే గొంతు దగ్గరి ఆ వాపు, బాగా తగ్గిపోయింది. మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలవడానికి ఆ పనే ఆధారం. తర్వాత ఆయన ఎయిమ్స్ డైరెక్టర్‌గా, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్‌గా చేశారు. మన వంటింట్లో ఉప్పు ప్యాకెట్ వెనుక శ్రీకాకుళం మనిషి శ్రమ ఉందని మన పిల్లలకు ఏ బడిలోనూ చెప్పరు. అది నాకు చాలా బాధ.

1992లో ఆ కార్యక్రమం పేరులో గాయిటర్ తీసేసి అయోడిన్ లోపం అని మార్చారు. అయోడిన్ లోపం చేసే పెద్ద నష్టం గొంతు వాపు కాదని, మెదడుకు జరిగేదని అప్పటికి అందరికీ అర్థమైంది. పాపువా న్యూ గినీ కొండల్లో 1966లో మొదలైన ప్రయోగంలో గర్భానికి ముందే అయోడిన్ నూనె ఇంజెక్షన్ తీసుకున్న తల్లులకు పుట్టిన పిల్లల్లో క్రెటినిజం దాదాపు రాలేదు. వాపు పైకి కనపడుతుంది. కనపడని నష్టం ఇంకా విస్తారమైనది. లోపం మరీ తీవ్రంగా లేని చోట కూడా గర్భస్రావాలు, తక్కువ బరువు బిడ్డలు, వినికిడి లోపం, బడిలో పాఠం అందుకోలేని పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. అలాంటి పిల్లవాణ్ణి చూసి "చదువు అబ్బలేదు" అని సరిపెట్టుకుంటాం గానీ కారణం ఉప్పు డబ్బాలో ఉండొచ్చని ఎవరికీ తట్టదు.

ఇప్పుడు మీవారి మాటకు వద్దాం. సముద్రం పక్కన ఉంటే అయోడిన్‌కి లోటు ఉండదన్నది విశాఖలో చదువుకున్నవాళ్లు కూడా గట్టిగా నమ్మే మాట. ఆయనతో ఈ లెక్క వేయించండి. లీటరు సముద్రపు నీళ్లలో అయోడిన్ సుమారు 50 నుంచి 60 మైక్రోగ్రాములు. అదే లీటరు నీళ్లు ఎండితే వచ్చే ఉప్పు దాదాపు 35 గ్రాములు. అయోడిన్ మొత్తం ఉప్పులోనే మిగిలిందని అనుకున్నా గ్రాముకు రెండు మైక్రోగ్రాములు కూడా రాదు. నిజానికి అంత కూడా మిగలదు. ఉప్పు మడిలో స్ఫటికం కట్టేటప్పుడు అయోడిన్ చాలావరకు నీటితోనే పోతుంది. మామూలు మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాములు కావాలి. గర్భిణికి, పాలిచ్చే తల్లికి 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నౌపడ ఉప్పు మడులు మన కళ్లముందే ఉన్నా, అందులోంచి నేరుగా వచ్చిన కల్లుప్పులో మనకు కావలసింది లేదు. కలిపితేనే ఉంటుంది. సైంధవ లవణం కూడా అంతే. గులాబి రంగులో ఉంది, ఖనిజాలున్నాయి అని ఎంత చెప్పినా, అయోడిన్ కలపకపోతే అది మీ బిడ్డ అవసరం తీర్చదు.

సముద్రపు చేపల్లో అయోడిన్ ఉంటుంది, నిజమే. వంజరం, రొయ్యలు తింటున్నారంటే మంచిదే, మానకండి. కానీ చేపను బట్టి అయోడిన్ చాలా మారుతుంది. మార్కెట్‌లో వచ్చే కట్ల, రోహు లాంటి చెరువు చేపల్లో తక్కువ. వారానికి రెండు రోజుల కూరతో ఏడు రోజుల అవసరం గడవదు. పాలు, గుడ్లు కొంత ఇస్తాయి. రోజూ, ఇంట్లో అందరికీ, ఖర్చు లేకుండా అందేది మాత్రం అయోడిన్ ఉప్పే.

మామగారి బీపీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సైంధవ లవణం కూడా సోడియం క్లోరైడే. బీపీకి కావలసింది ఉప్పు తగ్గించడం, ఉప్పు మార్చడం కాదు. అయోడిన్ ఉప్పే వాడి, తక్కువ వేయండి. "లో సోడియం" అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు అది ప్రమాదం కావచ్చు, డాక్టర్‌ని అడగకుండా మార్చవద్దని ఆయనకు చెప్పండి.

అయోడిన్ ఉప్పు ప్యాకెట్ మీద నవ్వుతున్న సూర్యుడి గుర్తు ఉంటుంది. మన దేశంలో ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం ఉండాలన్నది చాలాకాలంగా పెట్టుకున్న కొలత. అంటే ఇంట్లో గ్రాము ఉప్పులో కనీసం 15 మైక్రోగ్రాములు. పది గ్రాములు తింటే 150 వస్తుంది. ఐదు గ్రాములే తినేవాళ్లకు అందులో సగమే. అందుకే ఉప్పు తగ్గించే ఇంట్లో గర్భిణి ఉంటే నేను ఇంకాస్త జాగ్రత్త చెబుతాను: మీరు వాడే విటమిన్ మాత్రల డబ్బా మీద అయోడిన్ ఉందో లేదో చూడండి. లేకపోతే 150 మైక్రోగ్రాములు ఉన్నది రాయమని డాక్టర్‌ని అడగండి. ఎక్కువైతే ఇంకా మంచిదనుకుని సముద్రపు నాచు మాత్రలు మాత్రం తెప్పించుకోకండి. అయోడిన్ మరీ ఎక్కువైనా థైరాయిడ్ దెబ్బతింటుంది.

"టీ4 మాత్ర వేసుకుంటున్నాను కదా, అయోడిన్ ఇంకెందుకు" అని మీకు అనుమానం రావచ్చు. మాత్ర మీకు హార్మోన్ ఇస్తుంది. కానీ బిడ్డ గ్రంథి పని మొదలుపెట్టాక దానికి ముడిసరుకు విడిగా కావాలి. పుట్టాక కూడా మీ పాల ద్వారానే అందాలి.

ఉప్పు డబ్బా పొయ్యి పక్కన మూత తీసి ఉంచకండి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ, చెమ్మ పట్టిన ఉప్పులో అయోడిన్ తగ్గిపోతుంది. గట్టి మూత డబ్బాలో పోసి, కూర దించే ముందు ఉప్పు వేయడం అలవాటు చేసుకోండి. ఇక మన తెలుగిళ్లలో ఎవరూ లెక్కలోకి తీసుకోనిది పచ్చడి. ఆవకాయ, మాగాయ కల్లుప్పుతో పెడతాం. ఎండు చేపలదీ అదే ఉప్పు. రోజూ రెండు పూటలా పచ్చడి వేసుకునే ఇంట్లో తినే ఉప్పులో మంచి భాగం అయోడిన్ లేనిదే. పచ్చడి మానమని నేను చెప్పను, ఈ నెలల్లో దాని మీద ఎంత మనసు పోతుందో తెలుసు. ఆ ఉప్పును అయోడిన్ లెక్కలో వేసుకోకండి, అంతే.

మాత్ర ఎలా వేసుకుంటున్నారో మీరు రాయలేదు. మోతాదు సరిపోకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. పొద్దున్నే పరగడుపున, మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట వరకు కాఫీ, టీ, టిఫిన్ ఏదీ వద్దు. కాఫీతో కలిపి మింగితే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. త్వరలో మీకు ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తారు. వాటికీ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలి. అన్నీ ఒకేసారి గుర్తుంటాయని పొద్దున్నే కలిపి మింగేసేవాళ్లు చాలామంది, టీఎస్‌హెచ్ ఎందుకు దిగడం లేదో వాళ్లకు అర్థం కాదు. ఐరన్ మధ్యాహ్నం భోజనం తర్వాత, కాల్షియం రాత్రికి పెట్టుకోండి. ఉదయం వేవిళ్లతో మాత్ర నిలవడం లేదంటే రాత్రి తిన్న మూడు గంటల తర్వాత పడుకునే ముందు వేసుకోవచ్చు, అప్పుడు కాల్షియం రాత్రి కాకుండా నాలుగు గంటల తేడా ఉండేలా జరపాలి, ఈ మార్పు డాక్టర్‌కి చెప్పి చేయండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందు ఆపాలి. అది రిపోర్టు అంకెల్ని తారుమారు చేస్తుంది.

మీకు ఈ సమస్య అయోడిన్ లోపం వల్లే వచ్చిందా అంటే, కాకపోవడానికే అవకాశం ఎక్కువ. పట్టణాల్లో మీ వయసు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది హషిమోటో. మన రోగనిరోధక శక్తే సొంత గ్రంథిని దెబ్బతీయడం. యాంటీ టీపీఓ పరీక్షతో తెలుస్తుంది. అది పాజిటివ్ అయితే కాన్పు తర్వాత కూడా థైరాయిడ్ ఎగుడుదిగుడు కావచ్చు. కాన్పు అవగానే మోతాదు సాధారణంగా పాతదానికి తగ్గిస్తారు, ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేస్తారు. బాలింతలో నీరసం, ఏడుపు, దిగులు కనిపిస్తే "నిద్ర లేక" అని వదిలేయకుండా ఆ పరీక్ష చేయించండి.

చివరిగా, నా సొంత రంగం. తల్లి ఎంత జాగ్రత్తగా ఉన్నా, సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ తక్కువగా ఉంటుంది. ఎక్కువగా ఆ గ్రంథి సరిగా ఏర్పడకపోవడం వల్ల. మీ థైరాయిడ్ వల్ల కాదు, థైరాయిడ్ సమస్య లేని తల్లుల పిల్లలకూ వస్తుంది. తల్లి హార్మోన్ కొంత అంది ఉంటుంది కాబట్టి పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది. తర్వాత మెల్లగా ఎక్కువ నిద్ర, పాలు తాగడానికి బద్ధకం, మలబద్ధకం, తగ్గని పసిరికలు, బొంగురు ఏడుపు, బొడ్డు పొంగడం. ఒక బామ్మగారు నాలుగు నెలల మనవరాలిని జలుబు అని తీసుకొచ్చారు. "మా పిల్ల బంగారం డాక్టర్ గారూ, అసలు ఏడవదు, పెట్టిన చోట పడుకుంటుంది" అని మురిసిపోతూ చెప్పారు. ఆ మాటకే నా గుండె జారింది. టీఎస్‌హెచ్ వంద దాటింది. పుట్టిన ఆసుపత్రిలో మడమ నుంచి రక్తం తీశారు. తేడా ఉందని రిపోర్టు కూడా వచ్చింది. కానీ ఫారం మీద ఉన్నది తండ్రి పాత నంబరు, తల్లేమో కాన్పుకు పుట్టింట్లో ఉంది. ఎవరికీ కబురు అందలేదు. ఆ పాపకు మాత్ర ఆ రోజే మొదలుపెట్టాం. ఇప్పుడు పెద్దదైంది, నడుస్తుంది, మాట్లాడుతుంది, లెక్కలు మాత్రం రావు. అదే రెండు వారాల లోపు మాత్ర మొదలైన పిల్లలు తోటివాళ్లలాగే చదువుకుంటున్నారు. రోజుకు ఒక చిన్న మాత్ర, పొడి చేసి చెంచాడు తల్లి పాలలో కలిపి పట్టడమే వైద్యం.

కాబట్టి ఎనిమిదో నెలలోనే ఆసుపత్రిలో అడగండి: మీ దగ్గర పుట్టిన బిడ్డకు టీఎస్‌హెచ్ పరీక్ష చేస్తారా అని. మామూలుగా పుట్టిన 48 గంటలు దాటాక, మడమ దగ్గర సూదితో గుచ్చి నాలుగు చుక్కలు తీస్తారు. మొదటి రోజే తీస్తే అంకె సహజంగానే ఎక్కువ వచ్చి అనవసరంగా కంగారు పెడుతుంది. డిశ్చార్జి తొందరలో అది తప్పిపోకుండా, రిపోర్టు ఏ తేదీకి వస్తుందో అడిగి ఫైలు మీద రాయించుకోండి. సీమంతం అయ్యాక మీరూ పుట్టింటికి వెళ్లేమాటైతే థైరాయిడ్ రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి, ఆ ఫారం మీద మీవారి నంబరుతో పాటు మీ అమ్మగారి నంబరు కూడా రాయించండి.